యంత్రహలము: ఇందూరు సీమ సేద్యచరిత్రలో ఒక అధ్యాయము

చరిత్రయనగా రాజుల యుద్ధములు, కోటల పతనములు, వంశవృక్షములు మాత్రమేయని తలచు కాలము గతించినది. 1949లో సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించి, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ పనిముట్లతో బ్రతికిరి యనునది గూడ చరిత్రయేయని తెలుగువారికి చూపిరి. కేంద్ర సాహిత్య అకాడమి 1955లో తెలుగునకిచ్చిన తొలి పురస్కారము ఆ గ్రంథమునకే లభించినది. ప్రతాపరెడ్డిగారు తమ యాధారములలో పెక్కింటిని ప్రాచీన కావ్యములనుండి ఏరుకొనిరి. కవులు వ్రాసియుంచిరి గనుక వారికి దొరకినవి. మన కాలపు సేద్యమును గూర్చి వ్రాయబోవు రేపటి చరిత్రకారునకు ఏమి దొరకును?

ఈ సీమలో గడచిన అరువదియేండ్లలో సేద్యమును తలక్రిందులు చేసిన పనిముట్టు ట్రాక్టరు. అందు మొదటి తరమునకు చెందిన బండ్లు ఇప్పుడొక్కటొక్కటిగా పాత ఇనుప సామాను వర్తకుని తూకమునకెక్కి, ముక్కలై, కొలిమికి పోవుచున్నవి. ఇందల్వాయి, డిచ్‌పల్లి, ఆర్మూరు ప్రాంతములకే ఇది పరిమితము గాదు. దేశమంతటను ఇదే వరుస. పోవుచున్నది ఇనుము మాత్రమే యైనచో చింతింపవలసిన పనిలేదు. ఇనుముతో పాటు ఒక తరము జీవితకథ గూడ పోవుచున్నది గనుక ఈ విషయమును విచారించుట యవసరము.

నాగలి గౌరవము

మన పెద్దలకు నాగలి పూజ్యవస్తువు. ‘సీత’ యను మాటకు నాగటిచాలు అని యర్థము. జనకుడు యజ్ఞభూమిని దున్నుచుండగా చాలున దొరకిన బిడ్డ గనుక ఆ తల్లికి ఆ పేరు వచ్చినది. బలరాముని ఆయుధము నాగలి, ఆయన హలాయుధుడు. ఇందల్వాయిలో సీతారాములు కొలువైయున్నారు. శిర్నాపల్లి సంస్థానపు శీలం జానకీబాయి పేరు ఆ యాలయముతో ముడివడియున్నది. అచట సీతమ్మకు మ్రొక్కు ప్రతి రైతును తెలిసియో తెలియకయో నాగటిచాలునకే మ్రొక్కుచున్నాడు.

మ్రొక్కుటతోనే మన పూర్వులు ఊరకుండలేదు. ‘కృషిపరాశరము’ అను సంస్కృత గ్రంథము నాగలికి ఎనిమిది యంగములను పేర్కొని, వాని కొలతలను గూడ నిర్దేశించినది. ఆ కొలతలను చదివి ఈనాటికిని ఒక వడ్రంగి అట్టి నాగలిని చెక్కగలడు. పనిముట్టు నశించినను దాని రూపము గ్రంథమున నిలిచినది.

కాని మన తాతల నాటి నాగలికి ఆ భాగ్యము లేకపోయినది. వడ్లవారు కర్రను చెక్కుచుండిరి. కమ్మరి కర్రును సాగగొట్టుచుండెను. కళ్ళమున వారికి మేర ముట్టుచుండెను. ఒక్కొక్క యూరి నేలను బట్టి నాగలి బరువు, మేడి వంపు, నొగ పొడవు మారుచుండెను. రేగడి నేలకు ఒకటి, చెలక నేలకు మరియొకటి, వరిమడికి వేరొకటి. ట్రాక్టరు వచ్చినపిదప ఆ నాగళ్ళు అటకెక్కినవి. కొన్నేండ్లకు పొయ్యిలోనికి పోయినవి. ఏ యూరి నాగలి ఎట్లుండెనో వ్రాసిపెట్టిన వారరుదు. కర్రనాగలి విషయమున జరిగిన పొరపాటే ఇప్పుడు ఇనుపనాగలి విషయమున జరుగుచున్నది. అది పొయ్యిలోనికి పోయినది, ఇది కొలిమిలోనికి పోవుచున్నది.

యంత్రము వచ్చిన విధము

పెట్రోలుతో నడచు ట్రాక్టరును 1892లో అమెరికా దేశమున అయోవా రాష్ట్రమునందు జాన్ ఫ్రోలిక్ అనునతడు నడిపించెను. 1917లో హెన్రీ ఫోర్డు ‘ఫోర్డుసన్’ పేర చవుక ట్రాక్టరును పెద్దయెత్తున చేయించెను. అయితే నాగలిని త్రాడుతోనో గొలుసుతోనో వెనుక కట్టి లాగించిన నాళ్ళలో ఒక గొప్ప చిక్కు ఉండెను. నాగలి రాతికి తగిలి ఆగినచో ట్రాక్టరు ముందుభాగము పైకి లేచి నడుపువానిపై తిరుగబడుచుండెను. ఐర్లండు దేశస్థుడైన హ్యారీ ఫెర్గూసన్ దీనికి విరుగుడు కనిపెట్టెను. నాగలిని మూడు కీళ్ళతో ట్రాక్టరు వెనుక బిగించి, నూనె ఒత్తిడితో ఎత్తుటకు దించుటకు వీలు కల్పించు పద్ధతి అది. 1926లో దానికి పేటెంటు పొందెను. నేల లాగిన కొలది ఆ లాగుడే వెనుక చక్రములపై బరువై దిగి, చక్రములు జారకుండ పట్టునిచ్చును. నేడు ఇందల్వాయి పొలములలో తిరుగు ప్రతి ట్రాక్టరు వెనుకను ఆ మూడు కీళ్ళే యున్నవి.

మన దేశమున స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే కేంద్ర ట్రాక్టరు సంస్థ యేర్పడెను. యుద్ధము ముగిసి అమెరికా సైన్యము వదలిపోయిన ట్రాక్టర్లతో అది పని మొదలిడి, మధ్యభారతమున ‘కాన్స్’ అను మొండిగడ్డి పట్టిన భూములను దున్నించెను. ఈ వ్యవసాయ యంత్రములకై 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల ఋణమిచ్చెను. ఆ బ్యాంకు మన దేశమునకిచ్చిన తొలి ఋణములలో అదియొకటి. 1951లో దేశమంతటను ఉన్న ట్రాక్టర్లు సుమారు 8,600. 1961 నాటికి సుమారు 31,000. నేడు ఒక్క సంవత్సరములోనే మన కర్మాగారములు తొమ్మిది, పది లక్షల ట్రాక్టర్లను తయారుచేయుచున్నవి. ఈ లెక్కలను బట్టి మొదటి తరము బండ్లు ఎంత అరుదైనవో గ్రహింపవచ్చును.

1959 ఏప్రిల్ 24న ఫరీదాబాదునందలి ఐషర్ కర్మాగారమునుండి స్వదేశమున కూర్చిన తొలి ట్రాక్టరు వెలువడినది. తరువాత మద్రాసులో మాసీ ఫెర్గూసన్, బొంబాయిలో ఇంటర్నేషనల్, ఫరీదాబాదులో ఎస్కార్ట్స్ బండ్లు తయారైనవి. అవి చాలక సోవియట్ దేశమునుండి డీటీ–14, బెలారస్ బండ్లు, చెకోస్లోవేకియానుండి జెటార్, తూర్పు జర్మనీనుండి ఆర్‌ఎస్–09 దిగుమతియైనవి. ఇట్టి దిగుమతి బండ్లను రైతులకు పంచుటలో ఆయా రాష్ట్రముల ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్లు పాలుగొన్నవి. ఆంధ్రప్రదేశ్ కార్పొరేషను 1968లో స్థాపితమైనది. 1969 జూలైలో 14 బ్యాంకులు జాతీయమైనపిమ్మట ట్రాక్టరు ఋణము పల్లెకు చేరువయ్యెను. 1971లో హెచ్.ఎం.టి. సంస్థ పింజోరునందు జెటార్ నమూనాపై ట్రాక్టర్ల తయారీకి పూనుకొనెను. 1974లో పంజాబునుండి ‘స్వరాజ్’ వచ్చెను; దాని నమూనా దుర్గాపురములోని మన ప్రభుత్వ పరిశోధనాలయమున రూపొందినది.

ఆనాడు కోరగానే ట్రాక్టరు దొరకెడిది కాదు. పంపకమును అమ్మకమును కట్టడిచేయుచు ప్రభుత్వము 1971లో ప్రత్యేకముగా ఉత్తర్వు జారీచేయవలసి వచ్చినది. సొమ్ము కట్టి, జాబితాలో పేరు నమోదు చేయించుకొని, రైతు తన వంతునకై కాచుకొనియుండెను. అంత నిరీక్షించి తెచ్చుకొన్న వస్తువు నేడు కిలోల లెక్కన పోవుచున్నది.

ఇందూరు సీమలో

నిజామాబాదు జిల్లాలో యంత్రసేద్యమునకు నీరు పునాది. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము 2,75,000 ఎకరముల కాయకట్టు నేర్పరచినది. ఆ నీటిని నమ్మి కోస్తా జిల్లాలనుండి రైతు కుటుంబములు తరలివచ్చి బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతములలో ‘క్యాంపు’లు కట్టుకొనెను. 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. చెరకునకు లోతుదుక్కి కావలెను. వరికి కరిగెట వేళకు పూర్తి కావలెను. కాలువనీరు వచ్చి నిలిచిన పది పదునైదు దినములలో ఊరి మళ్ళన్నియు దున్నవలసియుండగా ఎడ్లు చాలకపోయెను. 1963 జూలై 26న గోదావరిపై పోచంపాడు ప్రాజెక్టునకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. ఆబీ, తాబీ రెండు పంటలు పండు భూములు పెరిగినకొలది యంత్రము అక్కర పెరిగినది.

ఆర్మూరు వైపు పసుపు సేద్యము ట్రాక్టరునకు మరియొక రూపమిచ్చినది. పసుపు తొమ్మిది నెలల పంట. బోదెలు తోలుట, కొమ్ములను త్రవ్వుట, ఉడికించుటకు కళ్ళమునకు చేర్చుట, ఎండినపిదప పాలిషు పట్టుట, తుదకు నిజామాబాదు మార్కెటునకు తోలుట అనునవి అందలి ఘట్టములు. పొలమున దున్నలేని స్థితికి వచ్చిన పాత ట్రాక్టరు కళ్ళమున నిలుచుండి, తన యింజనుతో పసుపు డ్రమ్మును త్రిప్పుచు మరి కొన్నేండ్లు గడిపెను. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. పసుపు చరిత్రను ఎవరైన వ్రాయబూనినచో, పచ్చని ధూళి పట్టిన ఆ పాత యింజనులకు ఒక పుట కేటాయింపవలసియుండును.

ఈ యంత్రములు ఊరి మనుష్యులను గూడ మార్చినవి. ‘డ్రైవరు’ అను కొత్త వృత్తి పుట్టినది. అది తండ్రి తాతలనుండి వచ్చినది గాదు, నేర్చినవానిదే. కర్రు సాగగొట్టిన కమ్మరులలో కొందరు వెల్డింగు నేర్చి ట్రాలీలు, మడిలో తిరుగుటకు ఇనుపచక్రములు చేయసాగిరి. కూలికి పోయిన ఎడ్లజత గలవాడు పని కోల్పోయెను. ట్రాక్టరు గలవాడు కిరాయి సంపాదించెను. మంచియు చెడ్డయు రెండును ఈ యంత్రము వెంట వచ్చినవే. రెంటికిని ఆ బండియే సాక్షి.

తూకమునకేల పోవుచున్నది?

పాత ట్రాక్టరును అమ్ముకొను రైతును నిందించుట న్యాయము గాదు. కారణములు పెక్కు. మొదటిది, విడిభాగములు. తూర్పు యూరపు బండ్లకు భాగములు చాలకాలము క్రిందటనే కరవైనవి. హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగమును మూసివేయ 2016 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము నిశ్చయించినది. తల్లి కర్మాగారము లేని బండి, పెద్దదిక్కు లేని బిడ్డ వంటిది. ఒక బండి నడుచుటకు మరి రెండు బండ్లను విప్పుకొనవలసి వచ్చును.

రెండవది, కాగితములు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి నమోదు 15 ఏండ్లకు చెల్లును. ఆపైన ఐదేండ్లకొకమారు పునరుద్ధరింపవలెను. చేతులు మారిన పాత బండ్లకు కాగితములు సరిగా నుండవు. మూడవది, స్థలము. పని చేయని ట్రాక్టరు ఇంటి ముంగిట అడ్డము. నాలుగవది, అవసరము. కూతురి పెండ్లికో, బోరు వేయుటకో, కొత్త బండికి తొలి కిస్తు కట్టుటకో చేతికి వచ్చు సొమ్మును కాదనగల రైతులెందరు?

వర్తకుని తప్పు గూడ లేదు. ఒకటిన్నర టన్నుల బరువు గల బండిలో అతనికి కనబడునది పోత ఇనుమెంత, ఉక్కెంత, రేడియేటరులో రాగి ఎంత అనునదియే. కరగిన ఇనుము మరల కడ్డీయై ఒకరి ఇంటి పైకప్పునకు పనికివచ్చును, అదియు మేలే. తూకములో వచ్చు చిక్కొక్కటియే. తక్కెడ బరువును చూపును గాని వయస్సును చూపదు. నిన్నటి బండియైనను, ఊరికి మొదట వచ్చిన బండియైనను దానికి ఒకటే.

లెక్కల పుస్తకములును మనకు తోడ్పడవు. పహాణీలో సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, నీటి యాధారము నమోదగును. ఆ భూమిని దేనితో దున్నిరో చెప్పు గడి లేదు. పశుగణనలలో పశువులతో పాటు నాగళ్ళను, ట్రాక్టర్లను గూడ లెక్కించిరి. ఎన్ని యున్నవో తెలియును గాని, ఎవరి బండి ఎప్పుడు వచ్చి ఎటు పోయినదో తెలియదు. రాక జమయైనది, పోక ఖర్చు వ్రాయబడలేదు. ఇట్టి చిట్టాను ఏ లెక్కగాడును సరియైన చిట్టా యనడు.

ఇతరులు చేసినది

ఆవిరి రైలింజనుల కాలము తీరినప్పుడు రైల్వే శాఖ వానిలో కొన్నింటిని మిగిల్చి స్టేషనుల ముందు, కార్యాలయముల ముందు నిలబెట్టినది. 1977లో ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియమును స్థాపించినది. రైలింజనులకు యజమాని యొక్కడే గనుక అది సాధ్యమైనది. ట్రాక్టర్లకు యజమానులు లక్షలమంది. కనుక ఒక్కరికిని బాధ్యత లేకపోయినది. అందరి వస్తువు ఎవరికిని కాకుండ పోవుటయనగా నిదియే.

ఇంగ్లండులోని రీడింగు నగరమున గ్రామీణ జీవితమునకై 1951లోనే మ్యూజియము వెలసినది. 1946–56 నడుమ కోవెంట్రీలో తయారైన ఫెర్గూసన్ బూడిదరంగు ట్రాక్టర్లు ఐదు లక్షలకు పైబడినవి. వానిని బాగుచేసి దుక్కిపోటీలలో నడుపు రైతులు అచట నేటికిని కలరు. మన దేశమున లూధియానాలోని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయము పల్లెల జీవనమునకు సంబంధించిన వస్తువులతో ఒక సంగ్రహాలయమును నిలిపినది. సేద్యపు వస్తువు కాపాడదగినదన్న భావము మన దేశమునకు కొత్తది గాదు.

2021 జూలైలో కేంద్రప్రభుత్వము 50 ఏండ్లు దాటిన ప్రాచీన వాహనముల నమోదునకు నియమములను ప్రకటించినది. వాహనము మూలరూపమున నుండవలెననునది అందలి ముఖ్యమైన షరతు. కారునకది తగిన షరతు. పల్లె ట్రాక్టరునకు తగదు. మన ట్రాక్టరు మూలరూపమున నుండదు. ఉండకుండుటయే దాని చరిత్ర. విరిగిన బంపరుకు బదులు కమ్మరి యతికిన పట్టీ, మరియొక కంపెనీ బండినుండి తెచ్చి బిగించిన స్టీరింగు, ఎండకు కట్టిన రేకుల పందిరి, బానెట్టుపై వ్రాయించిన కులదైవము పేరు — ఇవన్నియు ఊరి చేతివ్రాతలు. ప్రాతప్రతిని సంస్కరించువాడు మూలము చెరుపడు. అట్లే పాత ట్రాక్టరును కాపాడువాడు కొత్తరంగు పూసి ఆ వ్రాతలను మాపరాదు. త్రుప్పు ప్రాకకుండ నూనె రాయుట, వానకు తడియకుండ కప్పు వేయుట, వీలైనచో ఇంజను తిరుగునట్లు చేయుట చాలును.

ఇందు విద్యాప్రయోజనము గూడ కలదు. 2013నుండి జహీరాబాదునందే కొత్త ట్రాక్టర్లు తయారగుచున్నవి. ఈ సీమ పిల్లలు అట్టి కర్మాగారములలో పనిచేయవలసినవారు. 50 అశ్వశక్తికి మించిన కొత్త బండ్లకు 2023 జనవరినుండి కఠినమైన పొగ నియమములు వచ్చినందున వాని యింజనులలో ఎలక్ట్రానిక్ అమరికలు పెరిగినవి. వానిని ఊరి మిస్త్రీ విప్పి చూపుట కష్టము. పాత బండి తెరచిన పుస్తకము. డీజిలు ఎచటనుండి బయలుదేరి ఎచట మండుచున్నదో, గేరు ఎట్లు తిరుగుచున్నదో, నాగలిని నూనె ఎట్లెత్తుచున్నదో బడిపిల్లలకు వ్రేలితో చూపవచ్చును.

చేయదగిన పని

ప్రతి పాత ట్రాక్టరును కాపాడవలెననుట అత్యాశ. ప్రతి మండలమునకు ఒకటి నిలిచినను గొప్పయే. ఇందల్వాయి 2016 అక్టోబరులో మండల కేంద్రమైనది. అట్టి బండిని నిలుపుటకు తగిన తావు. నిలుపుటకు ముందు చేయవలసినది, ఖర్చులేని పని యొకటి కలదు. అది గ్రంథాలయము చేయదగిన పని.

ఏ యూరనైన పాత ట్రాక్టరు తూకమునకు పోవుటకు ముందు, దాని కంపెనీ, నమూనా, ఇంజను నంబరు, చాసిస్ నంబరు వ్రాసికొనవలెను. నాలుగు వైపులనుండి ఛాయాచిత్రములు తీయవలెను. ఊరికి ఎప్పుడు వచ్చినది, ఎవరి యప్పుతో వచ్చినది, ఎన్ని చేతులు మారినది, ఎవరు నడిపిరి, ఎవరు బాగుచేసిరి అనునవి అడిగి తెలిసికొనవలెను. ఆ బండ్లను తొలుత నడిపినవారు ఇప్పుడు ముదుసలులు. వారి నోటిమాట బండికన్న ముందే పోవు ప్రమాదము కలదు. ఈ వివరములన్నియు ఒక పుస్తకమున కెక్కించి గ్రంథాలయమున నుంచినచో, బండి పోయినను దాని కథ నిలుచును. పరాశరుని గ్రంథము నాగలికి చేసిన మేలు ట్రాక్టరునకు చేసినట్లగును.

గ్రంథాలయమునకు ఇనుముతో నేమి పనియని కొందరడుగవచ్చును. రెండువందల యేండ్ల క్రిందట తాటాకుల కట్టలను గూర్చియు జనులిట్లే యనుకొనిరి. చెదలకు విడువబడిన ఆ ప్రతులను బ్రౌనుదొర సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించి, 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. పనికిరానిదని పారవేసిన దానిలోనుండి పనికివచ్చునది ఏరి తరువాతి తరమునకు అందించుటయే గ్రంథాలయ ధర్మము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకముల విషయమున ఆ ధర్మమును నెరపుచున్నది. రజతోత్సవ సమయమున ఆ ధర్మమును పొలముదాక విస్తరింపజేయుట యుచితము.

దసరానాడు ట్రాక్టరునకు పసుపు కుంకుమలు పూసి, టెంకాయ కొట్టి, నిమ్మకాయలు చక్రముల క్రింద నుంచు ఆచారము మన యూళ్ళన్నింటను కలదు. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగించు ఆచారము అంతకన్న ప్రాతది. ఆ దినమున కొత్త బండ్లకు ముందు ఊరి పాత బండి యొకటి నిలిచి, ఒక్క చాలైనను తోలినచో, తాత తోలిన బండి యెట్టిదో మనుమడు కన్నులార చూచును. మిగిలిన కొద్దిపాటి బండ్లలో నొకదానినైన ఇందల్వాయి రైతులు అందుకై నిలుపుకొందురుగాక!